విద్యుత్ కార్ల బ్యాటరీలలో తరుగు: లెక్క కట్టడం ఎలా?

పాత పెట్రోలు కారు బేరానికి వచ్చినప్పుడు అనుభవం గల వర్తకుడు ఇంజను చప్పుడు వింటాడు, పొగ రంగు చూస్తాడు, టైర్లు తడిమి చూస్తాడు. పది నిమిషాలలో సరుకు తరగతి తేలిపోతుంది. విద్యుత్ కారు విషయంలో ఈ పరీక్షలేవీ పనికిరావు. చప్పుడు లేదు, పొగ లేదు. రంగు తళతళలాడుతున్నా, చక్రాలు కొత్తవైనా, కారు విలువలో పెద్ద భాగమైన బ్యాటరీ లోపల ఎంత తరిగిపోయిందో పైకి కనిపించదు. బేరం కుదిరి సొమ్ము చేతులు మారిన తరువాత తరుగు బయటపడితే ఆ నష్టం కొన్నవాడిదే.

గోదాములో సరుకు నిల్వ చేసే ప్రతి వర్తకునికీ తరుగు కొత్త మాట కాదు. ధాన్యంలో తేమ తరుగు, బెల్లంలో కారుడు తరుగు, మిరపలో రంగు తరుగు ముందే అంచనా వేసుకొని ధర కట్టడం వ్యాపారంలో మొదటి పాఠం. బ్యాటరీకి కూడా అదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఈ తరుగు నడిచే తీరు, కొలిచే కాటా వేరు. ఆ రెండింటిని గురించి వర్తకులు తెలుసుకోవలసిన ముఖ్య విషయాలు ఇక్కడ ఇవ్వబడుతున్నవి.

తరుగు అంటే ఏమిటి?

బ్యాటరీలో పట్టే విద్యుత్తును కిలోవాట్ గంటలలో కొలుస్తారు. కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ కూడా ఇదే. కొత్తలో 30 యూనిట్లు పట్టిన బ్యాటరీ కొంతకాలానికి 27 యూనిట్లే పడితే దాని ఆరోగ్యం 90 శాతమనీ, తరుగు 10 శాతమనీ చెబుతారు. ఈ ఆరోగ్య శాతానికీ, కారు ముందు పలక మీద రోజూ కనిపించే చార్జి శాతానికీ సంబంధం లేదు. చార్జి శాతం బస్తాలో ఇప్పుడు ఎంత సరుకు ఉన్నదో చెబుతుంది. ఆరోగ్య శాతం బస్తా ఎంత కుంచించుకుపోయిందో చెబుతుంది. నూరు శాతం చార్జి చూపుతున్న కారు నూరు శాతం ఆరోగ్యంగా ఉన్నదని భ్రమపడి మోసపోయేవారు లేకపోలేదు.

తరుగుకు కారణాలు

లిథియం బ్యాటరీలో లిథియం కణాలు రెండు ధ్రువాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. ఇందులో ఒక వైపున గ్రాఫైటు ఉంటుంది. ఈ గ్రాఫైటు మీద, కాచిన పాల మీద మీగడ కట్టినట్లు, మొదటి చార్జి నాడే ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఈ పొర లేకపోతే బ్యాటరీ పనిచేయదు. కాని పొర మందం పెరిగినకొద్దీ అందులో కొంత లిథియం శాశ్వతంగా చిక్కుకుపోతుంది. చిక్కుకున్న లిథియం మళ్లీ పనికి రాదు. తరుగులో పెద్ద వాటా దీనిదే.

ఈ పొర పెరగడానికి కారు నడవనక్కరలేదు. షెడ్డులో నిలబెట్టి ఉంచినా పెరుగుతూనే ఉంటుంది. వేడి ఎక్కువైతే త్వరగా పెరుగుతుంది. బ్యాటరీని నిండా చార్జి చేసి ఎండలో ఉంచితే మరింత త్వరగా పెరుగుతుంది. ఉష్ణోగ్రతకూ రసాయన చర్యల వేగానికీ గల సంబంధాన్ని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1889లో సూత్రీకరించాడు. పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది అందరూ వాడే స్థూల లెక్క. బ్యాటరీలన్నింటికీ ఇది అంకెకు అంకె సరిపోదు గాని, దిశ మాత్రం ఇదే. గుంటూరు మిరప వ్యాపారులు సరుకును కోల్డ్ స్టోరేజిలో ఎందుకు పెడతారో తెలిసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రెండవ కారణం వాడకం. చార్జి చేసిన ప్రతిసారీ ధ్రువాలలోని పదార్థం కొద్దిగా ఉబ్బి, వాడినప్పుడు తిరిగి కుదించుకుంటుంది. వేల సార్లు ఇలా జరిగేసరికి పదార్థంలో పగుళ్లు వస్తాయి. మూడవది, గడ్డకట్టే చలిలో వేగంగా చార్జి చేయడం. అప్పుడు లిథియం గ్రాఫైటులోకి ఇంకకుండా దాని మీద లోహంగా పేరుకుంటుంది. మన వైపు ఈ మూడవ బెడద దాదాపు లేదు. మొదటిది మాత్రం నిండుగా ఉన్నది.

ఫీనిక్స్ నేర్పిన పాఠం

ఈ వ్యాపారంలో అందరూ తెలుసుకోదగిన ఉదంతం అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జరిగింది. నిస్సాన్ కంపెనీ లీఫ్ అనే విద్యుత్ కారును 2010 డిసెంబరులో అమెరికా, జపాన్ మార్కెట్లలోకి తెచ్చింది. బ్యాటరీ పరిమాణం 24 యూనిట్లు. అందులో 192 సెల్లులు. బ్యాటరీని చల్లబరచడానికి ద్రవ ప్రసరణ ఏర్పాటు లేదు. కారు ముందు పలక మీద బ్యాటరీ సామర్థ్యాన్ని చూపడానికి 12 గీతల సూచిక ఉన్నది. మొదటి గీత పోవడానికి సుమారు 15 శాతం తరుగు, ఆ తరువాత ఒక్కొక్క గీతకు సుమారు 6 శాతం తరుగు అన్నది దాని కొలత. అంటే 12 గీతలు నిండుగా ఉన్న కారు కూడా అప్పటికే 14 శాతం తరిగి ఉండవచ్చు. గీతలు మాత్రమే చూసి కొనేవారు ఈ మర్మం గుర్తుంచుకోవాలి.

వేసవిలో 40 డిగ్రీలు దాటడం ఫీనిక్స్ నగరంలో మామూలు. 2012 వేసవికల్లా అక్కడి యజమానులు తమ కార్లలో గీతలు పోతున్నాయని గగ్గోలు పెట్టారు. చల్లని సియాటిల్ ప్రాంతంలో అదే మోడలు, అదే వయసు కార్లు నిక్షేపంగా ఉన్నవి. కంపెనీ ఏడు కార్లను అరిజోనాలోని తన పరీక్షా కేంద్రానికి తెప్పించి చూసింది. లోపం లేదనీ, అక్కడి వేడికి, తిరిగిన దూరానికి ఈ తరుగు అనుకున్నదేననీ ప్రకటించింది. యజమానులు సమాధానపడలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో కాలిఫోర్నియాలో దావా పడింది. చివరకు 2012 డిసెంబరులో కంపెనీ దిగివచ్చి, 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్ల లోపల గీతలు తొమ్మిదికి తక్కువైతే బ్యాటరీని బాగుచేసి గాని, మార్చి గాని ఇస్తామని గ్యారంటీ ప్రకటించింది. ముందు అమ్మిన కార్లకు కూడా దీనిని వర్తింపజేసింది. 2014లో కొత్త బ్యాటరీ ధరను, పాతది తిరిగి ఇచ్చే షరతు మీద, 5,499 డాలర్లుగా నిర్ణయించింది. 2015 మోడలు నుంచి వేడిని తట్టుకొనే రసాయన మిశ్రమం వాడింది.

దీనినిబట్టి వర్తకులు గ్రహించవలసినది ఏమిటి? కారు వయసు, తిరిగిన కిలోమీటర్లు మాత్రమే చాలవు. అది ఏ ఊరి ఎండలో నిలిచినదో కూడా అడగాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల ఎండలో ఆరుబయట నిలిచిన కారుకూ, విశాఖ తీరాన నీడపట్టున ఉన్న కారుకూ ఒకే ధర కట్టడం వ్యాపారం కాదు. ఫీనిక్స్ నాటి బ్యాటరీలకు శీతల ఏర్పాటు లేదనీ, నేటి మోడళ్లలో చాలావాటికి ద్రవంతో చల్లబరచే ఏర్పాటు ఉన్నదనీ కూడా గమనించాలి. కాబట్టి కొనేముందు ఆ మోడలుకు అటువంటి ఏర్పాటు ఉన్నదా లేదా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ముందంచనా: వర్గమూలం లెక్క

తరుగు ఏటేటా ఒకే తీరున ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పైన చెప్పిన పొర మందం పెరిగినకొద్దీ తన పెరుగుదలకు తానే అడ్డుపడుతుంది. అందువల్ల మొదట్లో తరుగు చురుకుగా ఉండి, తరువాత నెమ్మదిస్తుంది. లెక్కలో చెప్పాలంటే తరుగు కాలానికి కాక, కాలం వర్గమూలానికి అనుగుణంగా పెరుగుతుంది.

ఉదాహరణకు ఒక కారు మొదటి సంవత్సరంలో 4 శాతం తరిగిందనుకుందాము. సూటి లెక్క ప్రకారం నాలుగేళ్లకు 16 శాతం, తొమ్మిదేళ్లకు 36 శాతం తరగాలి. వర్గమూలం లెక్క ప్రకారం నాలుగుకు వర్గమూలం రెండు కనుక నాలుగేళ్లకు 8 శాతం, తొమ్మిదికి వర్గమూలం మూడు కనుక తొమ్మిదేళ్లకు 12 శాతం మాత్రమే తరుగుతుంది. ఒకే కారుకు ఒకరు 64 శాతం మిగులుతుందని, మరొకరు 88 శాతం మిగులుతుందని లెక్క వేస్తే బేరం ఎక్కడ కుదురుతుంది? మొదటి ఏడాది తరుగు చూసి బెదిరి చవకగా అమ్ముకొన్నవాడు నష్టపోతాడు. ఆ లెక్క తెలిసి కొన్నవాడు బాగుపడతాడు.

అయితే ఇది నిలిచి ఉన్న కాలానికి సంబంధించిన తరుగు. నడిచిన దూరానికి వచ్చే తరుగు దాదాపు సూటిగా పెరుగుతుంది. రెండింటినీ కలిపి లెక్క కట్టాలి. ఎక్కువ తిరిగే టాక్సీలో దూరం వాటా పెద్దది. ఎక్కువకాలం షెడ్డులో ఉండే సొంత కారులో కాలం వాటా పెద్దది. వేలాది వాహనాల వివరాలు సేకరించే జియోటాబ్ అనే కెనడా సంస్థ 2020లో 6,300 విద్యుత్ వాహనాలను పరిశీలించి సగటు తరుగు ఏటా 2.3 శాతమని చెప్పింది. 2024లో అదే సంస్థ ఆ సగటు 1.8 శాతమని ప్రకటించింది. ఇవి మార్కెట్టు మోతం అంచనాకు పనికివస్తాయి. చేతికి వచ్చిన ఒక్క కారు ధర కట్టడానికి సగటు చాలదు. జిల్లా సగటు దిగుబడి చూసి ఒక రైతు కళ్లంలోని ధాన్యం కొనేవాడు ఎవడూ లేడు.

హఠాత్తుగా పడిపోయే ప్రమాదం

నెమ్మదిగా సాగే తరుగు కొన్ని బ్యాటరీలలో ఒక దశ దాటగానే ఒక్కసారిగా ఊపందుకుంటుంది. గీత గీసి చూస్తే మోకాలు వంగినట్లు కనిపిస్తుంది కనుక శాస్త్రజ్ఞులు దీనిని మోకాలి బిందువు అంటున్నారు. నిలకడగా ఉన్న ధర ఒక్కనాడు కుప్పకూలినట్లే ఇది కూడా. లిథియం లోహంగా పేరుకోవడం, లోపలి ద్రావణం ఇంకిపోవడం వంటివి ఇందుకు కారణాలు.

ఇంకొక చిక్కు ఉన్నది. బ్యాటరీలో సెల్లులు ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటాయి. లీఫ్ కారులో జంటలుగా 96 వరుసలు. వరుసలో ఏ ఒక్కటి ముందుగా ఖాళీ అయినా కారు ఆగవలసిందే. కాడిలో బలహీనమైన ఎద్దు నడకే బండి నడక. కాబట్టి మొత్తం ఆరోగ్యం 85 శాతమని తెలిసినంతమాత్రాన సరిపోదు. బ్యాటరీ తక్కువ చార్జిలో ఉన్నప్పుడు సెల్లుల వోల్టేజిలో అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ అంకెల మధ్య తేడా చూడాలి. తేడా పెద్దదైతే ఒకటి రెండు సెల్లులు తోటివాటికంటే ముందే అలసిపోయాయని అర్థం.

కాటాయే తప్పయితే?

తేమ మీటరు తప్పు చూపితే ధాన్యం కొనుగోలులో ఎంత రభస జరుగుతుందో వర్తకులకు తెలుసు. బ్యాటరీలకు కూడా అటువంటి రభస ఒకటి జరిగింది. న్యూజిలాండ్‌కు జపాన్ నుంచి వాడిన లీఫ్ కార్లు పెద్ద ఎత్తున దిగుమతి అయ్యాయి. అక్కడి యజమానులు తమ కార్ల అంకెలను నెలనెలా ఒకచోట చేర్చి లెక్క చూసుకొనే ఏర్పాటు చేసుకున్నారు. 2018 మార్చిలో 283 కార్ల అంకెల నుంచి వారి పరిశోధకులు తేల్చినది ఆందోళన కలిగించింది. రెండేళ్ల వయసులో 24 యూనిట్ల పాత రకం ఏటా 3.1 శాతం చొప్పున తరుగుతుండగా, 30 యూనిట్ల కొత్త రకం ఏటా 9.9 శాతం చొప్పున తరుగుతున్నట్లు కార్లు చూపుతున్నాయి. పాతదానికంటే కొత్తది మూడు రెట్లు వేగంగా చెడిపోతున్నదన్నమాట.

కంపెనీ పరిశీలించగా బ్యాటరీలో కాక, బ్యాటరీని కొలిచే కంట్రోలరులో పొరపాటు ఉన్నట్లు తేలింది. 2018 జూన్‌లో సాఫ్ట్‌వేర్ సవరణ వచ్చింది. సవరణ చేయించిన కార్లలో ఆరోగ్య శాతం తిరిగి పైకి వచ్చింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ పరిశోధకులు తమ నివేదికకు పెట్టిన పేరులోనే ఇది కారు చూపుతున్న తరుగు అని జాగ్రత్తగా అన్నారు. ఆ తేడా పట్టించుకోకుండా ఆ మూడు నెలలలో భయపడి తెగనమ్మినవారికి నష్టం కాటా వల్ల వచ్చింది గాని సరుకు వల్ల కాదు. అంతకుముందు 2013లో కూడా అదే కంపెనీ తొలి కార్ల గీతల సూచికకు సవరణ చేయవలసి వచ్చింది.

దీనికి వ్యతిరేకమైన మోసం కూడా ఉన్నది. కొన్ని పాత కార్లలో కంట్రోలరు జ్ఞాపకాన్ని తుడిచివేస్తే పోయిన గీతలన్నీ తాత్కాలికంగా తిరిగి వెలుగుతాయి. కొన్ని వారాలు నడిచిన తరువాత కంట్రోలరు అసలు సంగతి నేర్చుకొని గీతలు మళ్లీ పోతాయి. ఈలోగా బేరం ముగుస్తుంది. బస్తా అడుగున తాలు పోసి పైన మంచి గింజ పరచడానికీ దీనికీ తేడా లేదు. ఏడెనిమిదేళ్ల పాత కారు నూరు శాతం ఆరోగ్యం చూపితే సంతోషించడానికి బదులు అనుమానించాలి.

స్వయంగా తూచుకోవడం

కాటా మీద నమ్మకం లేనప్పుడు మరొక కాటా మీద తూచుకోవాలి. ఇందుకు మూడు పద్ధతులు వాడుకలో ఉన్నవి.

మొదటిది కారు కంప్యూటరు నుంచి అంకెలు చదవడం. చవకైన పరికరాన్ని కారు సర్వీసు సాకెట్టుకు తగిలించి సెల్‌ఫోన్‌లో చూడవచ్చు. త్వరగా తేలుతుంది గాని పైన చెప్పిన లోపాలన్నీ ఇందులో ఉంటాయి.

రెండవది చార్జింగ్ మీటరు లెక్క. బ్యాటరీ 20 శాతం నుంచి 80 శాతం వరకు చార్జి అయ్యేటప్పుడు గోడ మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో రాసుకోవాలి. 18 యూనిట్లు తిరిగిందనుకుందాము. చార్జింగ్‌లో సుమారు 10 శాతం వేడిగా వృథా పోతుందని తీసుకుంటే బ్యాటరీలోకి చేరినది 16.2 యూనిట్లు. ఇది 60 శాతానికి సరిపోయింది కనుక నూరు శాతానికి 27 యూనిట్లు. కొత్తలో 30 పట్టిన బ్యాటరీ అయితే ఆరోగ్యం 90 శాతం. వృథా శాతం చార్జరునుబట్టి మారుతుంది కాబట్టి ఈ లెక్కలో కొన్ని శాతాల తేడా తప్పదు. అయినా 90 అని చెప్పిన కారు 75 వద్ద తేలితే పట్టుబడుతుంది.

మూడవది పూర్తి పరీక్ష. నిండా చార్జి చేసి, తెలిసిన వేగంతో దాదాపు ఖాళీ అయ్యేవరకు నడిపి, బయటకు వచ్చిన యూనిట్లను లెక్కించడం. ఒక రోజు పడుతుంది. పెద్ద లాటు కొనేటప్పుడు మచ్చుకు రెండు మూడు కార్లకైనా ఈ పరీక్ష చేయించడం మేలు. చలిలో బ్యాటరీ తక్కువ ఇస్తుంది కనుక పోల్చే కార్లన్నిటినీ ఒకే వాతావరణంలో పరీక్షించాలి.

ఐరన్ ఫాస్ఫేటు రకం బ్యాటరీల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఈ రకంలో చార్జి 30 ఉన్నా 70 ఉన్నా వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల కంట్రోలరు తన లెక్కను సరిచూసుకోలేక దారి తప్పుతుంది. అప్పుడప్పుడు నిండా చార్జి చేయాలని తయారీదార్లు చెప్పడానికి ఒక కారణం ఇదే. ఇటువంటి కారును పరీక్షించే ముందు ఒకసారి నూరు శాతం చార్జి చేయించి చూడాలి.

ప్రయోగశాలల అంచనాలు

బ్యాటరీ చెడేవరకు ఆగకుండా ముందే ఆయుర్దాయం చెప్పగలమా అన్నది పరిశోధకులను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం ఇందుకు సూక్ష్మమైన కొలతను వాడింది. ప్రతి ఆవృతంలో లోపలికి పోయిన విద్యుత్తులో ఎంత భాగం తిరిగి వచ్చిందో అతి నిశితంగా తూచడం వారి పద్ధతి. చక్రవడ్డీ తెలిసిన వర్తకులకు దీని ప్రాముఖ్యం సులభంగా బోధపడుతుంది. ఆవృతానికి 99.9 శాతం తిరిగి వస్తే 1,000 ఆవృతాల తరువాత మిగిలేది సుమారు 37 శాతం. 99.99 శాతం వస్తే మిగిలేది సుమారు 90 శాతం. స్థూలమైన లెక్కే అయినా, కంటికి కనిపించని వెయ్యింట ఒక వంతు తేడా చివరకు సరుకునే ముంచుతుందని ఇది చెబుతుంది.

2019లో స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి., టొయోటా పరిశోధనా సంస్థలు కలిసి 124 ఐరన్ ఫాస్ఫేటు సెల్లులను పరీక్షించాయి. వాటి ఆయుష్షు 150 ఆవృతాల నుంచి 2,300 ఆవృతాల వరకు వేర్వేరుగా ఉన్నది. మొదటి 100 ఆవృతాల వోల్టేజి రేఖలలో వచ్చిన స్వల్ప మార్పును మాత్రమే చూసి, కంప్యూటరు సహాయంతో ఆయుష్షును సుమారు 9 శాతం తేడాతో చెప్పగలిగారు. అప్పటికి చాలా సెల్లులలో తరుగు కనిపించనే లేదు. నారు చూసి పంట చెప్పడం వంటిదే ఇది. అయితే ప్రయోగశాలలో సెల్లులన్నీ ఒకే వేడిలో, ముందే నిర్ణయించిన క్రమాలలో పనిచేశాయి. రోడ్డు మీద నడిచే కారుకు ఆ క్రమం ఉండదు. అందువల్ల ఇటువంటి అంచనాలను వర్తకులు పూర్తి ధర నిర్ణయానికి కాక, హెచ్చరికగా తీసుకోవడం క్షేమం.

గ్యారంటీ లెక్కలు

నేడు చాలా కంపెనీలు 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, అనే షరతు మీద గ్యారంటీ ఇస్తున్నాయి. ఆలోగా ఆరోగ్యం 70 శాతానికి తగ్గితే బాధ్యత కంపెనీది. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల వేదిక 2022లో ఆమోదించిన 22వ ప్రపంచ నియమం ప్రకారం 5 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్ల వరకు 80 శాతం, 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు 70 శాతం నిలవాలి. కారు చూపే ఆరోగ్య అంకె నిజమేనా అన్న పరీక్ష కూడా అందులో చేరి ఉన్నది. కాటాకు ముద్ర వేయించడం వంటి ఈ ఏర్పాటు వ్యాపారానికి ఎంతో మేలు చేయగలదు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ విద్యుత్ వాహనాల బ్యాటరీలకు జాతక చక్రం వంటి డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి.

గ్యారంటీ వల్ల మార్కెట్టులో ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడుతుంది. గడువులోగా 69 శాతానికి పడిపోయిన కారుకు మంచి బ్యాటరీ రావచ్చు. గడువు ముగిసేనాటికి 71 శాతం వద్ద నిలిచిన కారుకు ఏమీ రాదు. ఎక్కువ ఆరోగ్యం ఉన్నదే తక్కువ విలువ పలుకుతుంది. కాబట్టి ఆరోగ్య శాతంతో పాటు గ్యారంటీ గడువు ఎంత మిగిలినదో, అది రెండవ యజమానికి పూర్తిగా బదిలీ అవుతుందో లేదో కాగితం మీద చూసుకోవాలి. నోటి మాట గ్యారంటీ కాదు.

ధర కట్టడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఒకే మోడలు, ఒకే వయసు గల రెండు కార్లు బేరానికి వచ్చాయనుకుందాము. కొత్తలో రెండింటికీ 30 యూనిట్లు. మొదటిదాని ఆరోగ్యం 90 శాతం, రెండవదానిది 75 శాతం. తేడా 15 శాతమే కదా అని ధరలో 15 శాతం తగ్గిస్తే సరిపోతుందా?

కొనేవారికి రోజుకు 100 కిలోమీటర్లు నడవాలి. బ్యాటరీలో ఐదవ వంతు అత్యవసరానికి ఉంచుకోవాలి. అంటే నిండు చార్జికి కనీసం 125 కిలోమీటర్లు రావాలి. యూనిట్‌కు 6 కిలోమీటర్లు వస్తే మొదటి కారు 162, రెండవది 135 కిలోమీటర్లు నడుస్తుంది. ఈనాడు రెండూ పనికివస్తాయి. కాని 125 కిలోమీటర్లకు కావలసిన ఆరోగ్యం సుమారు 69.5 శాతం. దానికి పైన మొదటి కారుకు 20.5 శాతం, రెండవ కారుకు 5.5 శాతం మిగులు ఉన్నది. ఇకమీదట తరుగు ఏటా 2 శాతమని తీసుకుంటే మొదటిది పదేళ్లకు పైగా, రెండవది మూడేళ్లకు లోపుగా ఆ కొనుగోలుదారుకు ఉపయోగపడుతుంది. ఆరోగ్యంలో 15 శాతం తేడా ఉపయోగకాలంలో దాదాపు నాలుగు రెట్ల తేడా అయింది. ధర పలకవలసినది మొత్తం సామర్థ్యానికి కాదు, అవసరానికి పైనున్న మిగులుకు.

ఇదే రెండవ కారు రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే వారికి ఎన్నో ఏళ్లు పనికివస్తుంది. అందువల్ల తరిగిన కారును తగిన కొనుగోలుదారుకు చేర్చడంలోనే దళారీ నేర్పు ఉన్నది. నాసిరకం సరుకంటూ ఏదీ లేదు, తప్పు బజారుకు చేరిన సరుకే ఉన్నదని పెద్దలు అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

పాత బ్యాటరీకి అడుగు ధర

కారుకు పనికిరాని బ్యాటరీ కూడా తుక్కు కాదు. సోలారు విద్యుత్తు నిల్వకు కొంతకాలం వాడవచ్చు. ఆ పైన పొడిచేసి లిథియం, నికెలు, కోబాల్టు రాబట్టవచ్చు. మన దేశంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీలను వెనక్కు సేకరించే బాధ్యతను తయారీదార్లమీద పెట్టాయి. అయితే ఈ అడుగు ధర లోహాల మార్కెట్టును అంటిపెట్టుకొని ఉంటుంది. చైనాలో లిథియం కార్బొనేటు 2022 నవంబరులో టన్ను సుమారు 6 లక్షల యువాన్లకు ఎగబాకి, 2023 చివరికి లక్షకు దిగువకు జారింది. శిఖరం నాటి ధర చూసి పాత బ్యాటరీలు నిల్వ చేసినవారి లెక్కలు తలక్రిందులు కావడానికి ఏడాది చాలింది. ఐరన్ ఫాస్ఫేటు రకంలో నికెలు, కోబాల్టు ఉండవు గనుక దాని తుక్కు విలువ మరీ తక్కువ. రకం తెలుసుకోకుండా తుక్కు లాటు పాడుకోరాదు.

వర్తకులు పాటించవలసినవి

కారు ఏ ఊరిలో, ఎండలోనా నీడలోనా నిలిచినదో విచారించాలి. బ్యాటరీ రకం, చల్లబరచే ఏర్పాటు తెలుసుకోవాలి. ఒక్క అంకె నమ్మక, కనీసం రెండు పద్ధతులలో తూచాలి. సాఫ్ట్‌వేర్ సవరణలు జరిగినవా, కంట్రోలరు జ్ఞాపకం తుడిచారా అని సర్వీసు చిట్టా చూడాలి. వీలైతే ఏడాది క్రితం అంకె, నేటి అంకె రెండూ సేకరించాలి. ఒక అంకె కారు ఎక్కడ ఉన్నదో మాత్రమే చెబుతుంది. రెండు అంకెలు ఎటు పోతున్నదో చెబుతాయి. కొన్న కార్లన్నిటికీ నెలనెలా ఆరోగ్య శాతం, కిలోమీటర్లు, తేదీ రాసే చిట్టా ఒకటి పెట్టుకోవాలి. కొద్ది సంవత్సరాలలో ఆ చిట్టా పరాయి సగటులన్నిటికంటే విలువైనదవుతుంది.

తరుగు లేని సరుకు లోకంలో లేదు. తరుగును ముందుగా లెక్క కట్టి ధరలో చేర్చుకొన్నవానికి అది ఖర్చు మాత్రమే. లెక్క కట్టనివానికి అది నష్టం.